ఒత్తు లేని కాఫీ

కమ్లీకి కోపం ముక్కు మీద ఉంటుందని తండాలో అందరూ అంటారు. అది అబద్ధం. కోపం ఆమెకు ఒళ్లంతా ఉంటుంది, ముక్కు మీద పైకి కనబడుతుంది, అంతే. ఆ గురువారం పొద్దున మాత్రం ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదని గట్టిగా అనుకొని లేచింది. పని అంత ఉంది మరి. పెద్దవంగర రోడ్డు మీద గోపాల్ సేటు గదిని ఊడ్చి కడగాలి, గడపకు పసుపు రాయాలి, మామిడాకులు కట్టాలి. మొగుడు జైసింగ్ తొర్రూరు పోయి బోర్డు తేవాలి. కూతురు పూజ మహబూబాబాద్ ఆఫీసులో దవాఖాన పెట్టుకోనిచ్చే కాగితం తీసుకొని పన్నెండింటి బస్సుకు దిగాలి. దిగగానే కొబ్బరికాయ కొట్టాలి. ఒంటిగంటకల్లా మొదటి రోగి రావాలి, కమ్లీ గది బయట బల్ల మీద కూర్చొని వాళ్లకు నంబరు చీటీ ఇవ్వాలి.

ఈ చీటీ ముచ్చట ఇవాళ్టిది కాదు. పన్నెండేళ్ల కింద జైసింగ్‌కు జ్వరం తలకెక్కితే కమ్లీ అతన్ని పట్నంలో ఒక దవాఖానకు తీసుకుపోయింది. పొద్దున పోయినవాళ్లను పొద్దుగూకే దాకా వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. "తండావాళ్లు జర అటు జరగండి" అని చీటీలు రాసే మనిషి మూడుసార్లు అన్నాడు. ఆ మూడుసార్లూ కమ్లీ లెక్కపెట్టుకుంది. తన పిల్ల డాక్టరు కావాలని, ఆ చీటీల బల్ల దగ్గర తాను కూర్చోవాలని ఆ రోజే అనుకుంది.

పిల్ల డాక్టరయింది. ఫిలిప్పీన్స్‌లో, దావావ్ అనే ఊళ్లో ఆరేళ్లు చదివింది. తిరిగొచ్చి ఇక్కడి పరీక్ష రాసింది, ఒకసారి తప్పి రెండోసారికి గట్టెక్కింది, పెద్ద దవాఖానలో ఏడాది పని నేర్చుకుంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు వచ్చే సోమవారం నుంచి చేరమని ఫోను మీద ఫోను చేస్తున్నారు. పూజ తల్లితో ఒకటే మాట చెప్పింది. సోమవారం లోపల ఇక్కడ తలుపు తెరిస్తే ఉంటాను, లేదంటే పోతాను. పెద్దవంగర రోడ్డు మీద ఖాళీగా ఉన్న గది గోపాల్ సేటుది ఒక్కటే.

ఇంత చదివిన పిల్ల అక్కడి నుంచి తెచ్చుకున్న ఒక అలవాటు మాత్రం కమ్లీకి మింగుడుపడలేదు. పొద్దున లేవగానే నల్లటి కాఫీ కాచుకుంటుంది. సగం తాగి, మిగతా సగం వేడి అన్నంలో పోసుకొని, ఇంత చక్కెర చల్లుకొని తింటుంది. మొదటిరోజు చూసి కమ్లీ పళ్లెం లాక్కుంది. "అన్నంల సల్ల పోసుకుంటరు, చారు పోసుకుంటరు, గిదేం తిండే నీ తిండి" అని తండా అంతా వినబడేటట్టు అరిచింది. పూజ నింపాదిగా ఇంకో పళ్లెం పెట్టుకొని చెప్పింది. అక్కడ పసిపిల్లలకు కూడా ఇలాగే పెడతారట. తాను అద్దెకున్న ఇంటి ముసలామెను అందరూ లోలా అంటారట, అంటే అవ్వ. ఎవరు గడప తొక్కినా ఆ అవ్వ ఏం పని మీద వచ్చావని అడగదట, ముందు "కాపే" అంటుందట. కాపే అంటే వాళ్ల కాఫీ. చావు జరిగిన ఇంట్లో కూడా, శవం దగ్గర మేలుకొని ఉండేవాళ్లకు అదే పోస్తారట. పరీక్షల రోజుల్లో తెల్లారకముందే అవ్వ కాఫీ గ్లాసు పట్టుకొని తలుపు కొట్టేదట. కాలేజీలో సార్లు కూడా పిల్లల మధ్యనే కూర్చొని తాగుతారట.

కమ్లీ నోటికి కాపే తిరగలేదు. కాఫీ అసలే తిరగలేదు. ఆమె నోట ఫోను పోనవుతుంది, ఫ్యాను ప్యానవుతుంది, ఫిలిప్పీన్స్ పిలిపీను అవుతుంది. ఒత్తులు పలకడం ఆమెకు దండగ ఖర్చులా అనిపిస్తుంది. కాబట్టి కాఫీ కాపీ అయింది. ఇంట్లో ఆ కాపీని చూసి పిల్లను తిట్టేది. బయట మాత్రం కనబడిన ప్రతివాళ్లకూ ఆ కాపీ గురించే గొప్పలు చెప్పేది. తల్లులంతా ఇంతే.

సరే, ఎనిమిది గంటలకు కమ్లీ చీపురు, బకెట్టు, పసుపు పట్టుకొని గది దగ్గరికి వచ్చింది. తలుపుకు కొత్త తాళం ఉంది. నిన్నటి తాళానికి ఆమె దగ్గర చెవి ఉంది, ఇది అది కాదు. పక్కనే గోపాల్ సేటు కిరాణం. నాలుగు ఊళ్ల చిల్లర దుకాణాలకు సరుకు అక్కడి నుంచే పోతుంది. సేటు యాభై ఐదేళ్ల మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. కాదు అనే మాటను కూడా బెల్లం చేతిలో పెట్టి చెప్తాడు.

"కూసో కమ్లమ్మా" అన్నాడు. "నీ మీద గాని, జైసింగ్ మీద గాని నాకు ఏం లేదు. గని దవాఖాన అంటే పానాలతోని ముచ్చట. రేపు ఏమన్న అయితే గది ఇచ్చినోడు ఎవడంటరు. పిల్ల సర్టిఫికెట్ ఒర్జినల్ తెచ్చి చూపెట్టు."

"మొన్న చూపెట్టింది గద సేటు."

"అది కాపీ అంటున్నరు."

కమ్లీకి ముందు అర్థం కాలేదు. సేటు విడమరిచి చెప్పాడు. ఆ దేశంలో చదువంతా కాపీయేనని, పూజ ఆరేళ్లూ కాపీ కొట్టే పాసైందని, చివరికి ఆ సర్టిఫికెట్ కూడా ఎవరిదో జిరాక్స్ తీసి తెచ్చుకుందని ఊరంతా అంటున్నారట. తనకు నమ్మకం లేదట, అయినా నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నాడు. అంతేకాదు, సాయంత్రం మొగుళ్లపల్లి నుంచి ఒకాయన వస్తున్నాడు, గదిలో పురుగుమందుల దుకాణం పెడతాడట.

కమ్లీకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండోసారికి పరీక్ష గట్టెక్కిన రోజు పిల్ల ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. మొదటిసారి తప్పినప్పుడు నెల రోజులు గుడిసెలోంచి బయటికి రాకపోవడం గుర్తొచ్చింది. "మీ ఇంట్ల పిల్లగాడు గా దేశంల చదివొస్తే ఒర్జినల్ అడుగుదురా సేటు?" అంది. సేటు ఒకసారి తూచిన చింతపండునే మళ్లీ తూచాడు. ఆ జవాబు కమ్లీకి చాలు.

"ఎవలు జెప్పిన్రు నీకు?"

"మా ఇంట్ల" అన్నాడు సేటు, మెల్లగా.

దుకాణం వెనకే ఇల్లు. సేటు భార్య సరస్వతి చాటలో పెసరపప్పు పోసుకొని రాళ్లు ఏరుతోంది. కమ్లీ చీపురు చేతిలో పట్టుకొనే లోపలికి పోయింది, అందువల్ల సరస్వతికి సంగతి తొందరగానే గుర్తొచ్చింది. సర్టిఫికెట్ జిరాక్స్ అని తాను అననే లేదట, అది సేటు సొంతంగా కలుపుకున్నదట. తాను చెప్పింది ఇంతే: ఆ దేశంలో సార్లే పిల్లల పక్కన కూర్చొని కాపీ చేయిస్తారట, అద్దె ఇంటామె కూడా పొద్దున్నే తలుపు కొట్టి కాపీ అందిస్తుందట. బస్టాండులో మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న భద్రమ్మ చెప్పిందట.

ఇక్కడ చదువుతున్న మీకు అనుమానం వచ్చే ఉంటుంది. కమ్లీకి రాలేదు. కోపం వచ్చినప్పుడు మనిషికి ముందు పోయేవి చెవులే. కాపీ అన్న మాట ఆమె చెవిలో పడింది గాని అది తన నోట్లోంచే వచ్చిన మాట అని తోచలేదు. "పా, భద్రమ్మ ముందట చెప్పు గిదే మాట" అని సరస్వతి చెయ్యి పట్టుకొని లేపింది. సరస్వతి కూడా తాను అబద్ధాలకోరును కానని నిరూపించుకోవాలి గదా, చాట కింద పెట్టి బయలుదేరింది. భార్య నడిరోడ్డు మీద కమ్లీ వెంట పోవడం చూసి సేటు గల్లాపెట్టెకు తాళం వేసి తానూ బయలుదేరాడు.

భద్రమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. వాయి దించకముందే ముచ్చట దింపేస్తుంది. ముగ్గురిని ఒక్కసారి చూసేసరికి పొద్దున్నే బేరం వచ్చిందనుకొని ప్లేట్లు తీసింది. కమ్లీ ఆ ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కకు జరిపి, నా బిడ్డను కాపీ అన్నదానివి నువ్వేనా అని అడిగింది. భద్రమ్మ ఒట్టు పెట్టుకుంది. సార్లు చేయిస్తారని తాను అనలేదట, సార్లు ఉన్నప్పుడే చేస్తారని అన్నదట. అది కూడా తన మాట కాదట, బడిలో మధ్యాహ్న భోజనం వండే సారక్క చెప్పిందట. "నేను బజ్జీలు అమ్ముకునేదాన్ని, నాకు పిలిపీను సంగతి ఏమెరుక. సరుకు ఆమెది, నేను అమ్మిన, గంతే" అంది. ఆ మాటకు కమ్లీ చెంబుడు నీళ్లు తీసి పొయ్యిలో కుమ్మరించింది. పొయ్యి ఆరింది. ఇప్పుడు భద్రమ్మకూ కోపం వచ్చింది. ఆ కోపం కమ్లీ మీద చూపించే ధైర్యం లేదు కాబట్టి నకిలీ సరుకు అంటగట్టిన సారక్క మీద చూపిద్దామని ఆమె కూడా కొంగు బిగించింది.

సరిగ్గా అప్పుడే తొర్రూరు ఆటో ఆగింది. జైసింగ్ దిగాడు. అతను మాట తక్కువ మనిషి. ముప్పై ఏళ్ల కాపురంలో కమ్లీ మాట్లాడగా మిగిలిన సమయం దొరికితే మాట్లాడదామని చూస్తున్నాడు, ఇంకా దొరకలేదు. చేతిలో నాలుగడుగుల బోర్డు ఉంది. తెల్లటి రంగు మీద ఎర్రటి అక్షరాలతో "డాక్టర్ పూజ దవాఖాన" అని రాసి ఉంది. ఏమైందని అతను అడగలేదు. పెళ్లాం ముఖం చూసి, బోర్డు ఎత్తిపట్టుకొని వెనక నడిచాడు.

బోర్డు పట్టుకొని ఐదుగురు రోడ్డు మీద నడిస్తే అది ఊరేగింపే అవుతుంది. దారిలో ఒకాయన డాక్టరమ్మను బదిలీ చేశారా అని అడిగాడు. జవాబు వినకుండానే కలిశాడు. పింఛను కోసమేమో అనుకొని నలుగురు ముసలివాళ్లు కలిశారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, బస్సు ఎలాగూ ఆలస్యమే కాబట్టి కలిశారు. పోస్టాఫీసు మలుపు దగ్గర ఎవరో "డాక్టరమ్మకు న్యాయం జరగాలె" అని మొదటి నినాదం అందుకున్నారు. గోపాల్ సేటు కూడా అలవాటుగా చెయ్యి ఎత్తాడు. అన్యాయం చేసింది తానేనని తర్వాత గుర్తొచ్చి దించుకున్నాడు.

బడికి చేరేసరికి నలభై మంది అయ్యారు. తరగతి గదుల కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. వంటగదిలో సారక్క పెద్ద గరిటెతో పప్పు కలుపుతోంది. నిమ్మళమైన మనిషి. పదేళ్ల నుంచి ఆ బడిలో పదో తరగతి పరీక్షలు అయిపోగానే గోడల అవతల రాలిన స్లిప్పులు ఊడ్చేది ఆమే. అందుకే పరీక్ష, కాపీ అన్న మాటలు రెండూ ఒకచోట వినబడితే ఆమెకు తోచేది ఒకటే అర్థం. నలభై మందిని చూసి కూడా గరిటె ఆపలేదు. నా బిడ్డ కాపీ కొట్టిందని నీకు ఎవరు చెప్పారని కమ్లీ గొంతు చించుకుంది.

"నువ్వే గదనే చెప్పినవ్" అంది సారక్క. "మొన్న మంగళవారం ఆటోల. మా పిల్ల కాపీ మీదనే పాసైంది సారక్కా అన్నవ్. ఆడ కాపీ లేంది ఎవ్వలు పరీక్ష రాయరు, సార్లు గూడ పిల్లలల్ల కూసొని కాపీనే అన్నవ్. పరీక్ష పొద్దు ఇంటామెనే తలుపు గొట్టి కాపీ ఇస్తుండె అన్నవ్. అన్నవా, అనలేదా?"

ప్రతి మాటా కమ్లీదే. మాట మాత్రమే కాదు, ఆ గొప్ప కూడా ఆమెదే. తీగ లాగుతూ వచ్చింది, డొంక కదిలింది, చూస్తే డొంకలో కూర్చున్నది తానే. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. తన నోటితో తన పిల్ల గదికి తానే తాళం వేసుకుంది. సాయంత్రానికి గది పోతుంది, సోమవారానికి పిల్ల పోతుంది. అయితే కమ్లీ దగ్గర సిగ్గు ఎంతోసేపు సిగ్గుగా ఉండదు. రెండు నిమిషాల్లో తిరిగి కోపమైంది.

"అది తాగే కాపీ" అంది.

"తాగుతరా?" అంది సారక్క, మొదటిసారి గరిటె ఆపి. "సార్ వస్తే స్లిప్పు నోట్లె వేసుకొని మింగుతరని ఎరుక. తాగుడేందే?"

"తాగుతరు. చాయ్ లెక్క. నల్లగుంటది. కాపీ."

"కాఫీయా?" అన్నాడు సేటు.

"నేను గదే అంటున్న. కాపీ."

నమ్మారా అంటే, నమ్మలేదు. దొరికిపోయాక చెప్పే మాట ఎంత నిజమైనా సాకులాగే వినబడుతుంది. ఇప్పుడు తట్టిందా ఈ కాఫీ అన్నట్టు సేటు చూశాడు. అట్లయితే తన బండి పక్కన చాయ్ తాగేవాళ్లంతా ఈపాటికి కలెక్టర్లు కావాలి కదా అని భద్రమ్మ అంది. జనం నవ్వారు. ఆ నవ్వు కమ్లీకి పన్నెండేళ్ల కింది వరండాను గుర్తుచేసింది. మీ అందరికీ అదే కాపీ పోస్తాను, తాగి అది ఏ కాపీయో మీరే చెప్పండి, తాగకుండా ఎవరైనా కదిలితే చూస్తాను అని అంది. బెదిరింపో, ఆతిథ్యమో ఎవరికీ తెలియలేదు. రెంటికీ ఎదురు చెప్పలేక అందరూ వెనక్కి తిరిగి సేటు దుకాణం ముందుకు వచ్చారు. పప్పు పక్కామెకు అప్పగించి సారక్క కూడా వచ్చింది.

కమ్లీ పూజకు ఫోను చేసింది, కలవలేదు. జైసింగ్‌ను తండాకు పంపి పిల్ల దాచుకున్న కాఫీ పొడి డబ్బా తెప్పించింది. ఆ పొడి పేరు బరాకో, అంటే వాళ్ల దగ్గర బలిసిన మగపంది అని అర్థం, గ్లాసుకు చిన్న చెంచా మించితే తట్టుకోలేరు అని పూజ ఒకప్పుడు చెప్పింది. పంది అన్న మాట విని కమ్లీ అప్పుడు అసహ్యించుకుంది, చెంచా మాట వినలేదు. భద్రమ్మ బండిని అక్కడికే తోసుకొచ్చింది, పెద్ద గిన్నె పెట్టింది, ఆరిన పొయ్యి మళ్లీ వెలిగించింది. పొయ్యి ముందు కూర్చున్నాక ఇద్దరికీ పాత గొడవ గుర్తులేదు. నలభై మందికి చాయ్ పత్తి ఎంత పడుతుందో భద్రమ్మకు కళ్లు మూసుకున్నా తెలుసు. అంత వేశారు. పాలు లేవు కదా పల్చగా ఉంటుందేమోనని ఇంకో రెండు గుప్పిళ్లు వేశారు. చాయ్ అంటే మరగాలి, మరగనిది చాయ్ ఎట్లా అవుతుంది? అల్లం దంచి వేసి, చక్కెర పోసి, అరగంట మరిగించారు. అది తారు రంగుకు వచ్చింది. వాసన మాత్రం అద్భుతంగా ఉంది, బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి తలలు బయటపెట్టారు.

గ్లాసులు అందిస్తే ఎవరూ కాదనలేదు. ఆ దేశంలో ఇంటికొచ్చినవాళ్ల చేతిలో గ్లాసు ఖాళీగా ఉంచరట అని కమ్లీ చెప్పి, ఖాళీ అయిన గ్లాసులన్నీ మళ్లీ నింపింది. గ్లాసు పూర్తయ్యేదాకా ప్రతి మనిషి ఎదురుగా నిలబడింది. చేదు, తీపి, ఘాటు కలిసి బాగుందని సేటు మూడు గ్లాసులు తాగాడు. సారక్క పెదవులు చప్పరించి, ఇది తాగేదే, కాపీ కాదు కాఫీయే అని తీర్పు చెప్పింది. జనం తలలూపారు. సేటు గొంతు సవరించుకొని, నా మనసులో అసలు అనుమానమే లేదు కమ్లమ్మా అన్నాడు. కమ్లీకి గెలిచినట్టనిపించింది. తాళం తీయమని అడగబోయింది.

అప్పుడు సేటు రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

గుండె రైలు లెక్క కొట్టుకుంటోందన్నాడు. వెంటనే పక్కన ఇంకొకాయన తనదీ కొట్టుకుంటోందన్నాడు. చూసుకుంటే అందరివీ కొట్టుకుంటున్నాయి. భద్రమ్మ చేతిలో గరిటె దానంతటదే వణుకుతోంది. పింఛను ముసలివాళ్లలో ఒకాయన పదేళ్లలో నడవని నడక నడుస్తూ దుకాణం చుట్టూ ఆరోసారి తిరుగుతున్నాడు. నిమ్మళమైన సారక్క ఊపిరి తీసుకోకుండా తన పెళ్లి నాటి నుంచి జరిగినవన్నీ చెప్తోంది. వీటన్నిటికన్నా భయంకరమైనది, జైసింగ్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా మిగిలిపోయిన మాటలన్నీ వరుసగా వస్తున్నాయి. తన చెల్లెలి పెళ్లిలో నలుగురి ముందు కమ్లీ తన మీద అరిచిన సంగతి, అమ్మేసిన ఎడ్ల సంగతి, కూరలో ఉప్పు సంగతి. కమ్లీ నోరు తెరిచి నిలబడింది. ఆపుదామంటే సందు దొరకలేదు.

"ఏం కలిపినవ్ దాంట్ల?" అని సరస్వతి ఏడుపు అందుకుంది. ఏదో పెట్టి చంపుతున్నదని ఎవరో అరిచారు. పొద్దున కోపం కమ్లీ ఒక్కదానిదే, ఇప్పుడు నలభై మంది కోపం ఒక్క కమ్లీ మీదికి వచ్చింది. బతుకులో మొదటిసారి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. పిల్ల గది సంగతి దేవుడెరుగు, ఈ నలభై మందికి ఏమైనా అయితే పిల్ల ముఖం ఈ మండలంలో ఇంకెవరూ చూడరని తోచింది.

పన్నెండింటి బస్సు ఒంటిగంటకు పది నిమిషాలుందనగా వచ్చింది. పూజ దిగింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లను, తిరుగుతున్నవాళ్లను, మాట్లాడుతున్న తండ్రిని చూసింది. గిన్నె వాసన చూసింది. తల్లిని తండాలో అందరూ పిలిచినట్టే యాడీ అని పిలుస్తుంది. ఆ పిలుపు అంత చల్లగా కమ్లీ ఎప్పుడూ వినలేదు.

"యాడీ, ఎంత ఏసినవ్?"

"డబ్బా" అంది కమ్లీ.

పూజ తిట్టలేదు. తిడితే బాగుండునని కమ్లీకి అనిపించింది. పూజ సేటు దగ్గరికి పోయి మణికట్టు పట్టుకొని నాడి చూసింది, గదికి కొత్త తాళం కనబడి దాని చెవి కోసం చెయ్యి చాపింది. సేటు మొలకు కట్టుకున్న గుత్తి తీసి ఇచ్చాడు, ఏది ఏ తాళానిదో చెప్పడానికి వేలు నిలవలేదు. నాలుగో చెవికి తలుపు తెరుచుకుంది. ఊడవలేదు, కడగలేదు, పసుపు రాయలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. అయినా దవాఖాన మొదలైంది.

ముందు ముసలివాళ్లను, తర్వాత రొమ్ము నొప్పి ఉన్నవాళ్లను రమ్మంది పూజ. ఒక్కొక్కరి నాడి చూసింది, బీపీ చూసింది, ఇదివరకు గుండె జబ్బు ఉందా అని అడిగింది. నీళ్లు తాగించింది. ఇది విషం కాదు, కాఫీ, సాయంత్రానికి దిగిపోతుంది, ఈ రాత్రికి నిద్ర మాత్రం ఆశపడొద్దు అని నలభైసార్లు చెప్పింది. బయట కమ్లీ చీటీల పని అందుకుంది. సేటులాంటివాళ్లను ఒక పూట నేల మీద కూర్చోబెట్టాలని ఆమె పన్నెండేళ్లుగా కలలు కన్నది. తీరా వాళ్ల ముఖాలు చూశాక మనసు రాలేదు. దుకాణంలో ఉన్న స్టూళ్లు, బస్తాలు అన్నీ ఈడ్చి వేసింది, చాలనివాళ్లకు చాపలు పరిచింది. వరుస తప్పినవాళ్లను మాత్రం వదల్లేదు.

మొగుళ్లపల్లి ఆయన మూడింటికి బైకు మీద వచ్చాడు. గది ముందు పడి ఉన్న మనుషులను చూసి, పురుగుమందు దుకాణం ఇప్పటికే ఎవరో తెరిచారనుకొని బండి దిగకుండానే తిప్పుకున్నాడు.

సాయంత్రానికి అందరికీ దడ తగ్గింది. పూజ సేటును మళ్లీ కూర్చోబెట్టి మూడోసారి బీపీ చూసింది. తల వెనక నొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. ఏడాదయిందని, ఎండకు అనుకున్నానని సేటు చెప్పాడు.

"దడ కాపీది, అంకుల్. తగ్గింది" అంది పూజ. "బీపీ మాత్రం ఒర్జినల్. రేపు పరగడుపున రండి, పరీక్షలు చేయిద్దాం."

సేటు తలదించుకొని లేచాడు. పాత తాళం రెండో చెవి, కొత్త తాళం చెవి రెండూ గుత్తిలోంచి తీసి కమ్లీ చేతిలో పెట్టాడు. జైసింగ్ బోర్డు ఎక్కించాడు, ఎక్కిస్తూ కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. పూజ హైదరాబాద్‌కు ఫోను చేసి సోమవారం రాలేనని చెప్పింది. రేపటికే రోగులు నిండిపోయారని చెప్పింది, అది నిజమే. తర్వాత తల్లి వైపు తిరిగి, కాఫీ అను యాడీ అంది. కమ్లీ గాలి పీల్చుకొని, పెదవులు సవరించుకొని, శాయశక్తులా కాపీ అంది.

వారం తిరక్కముందే పెద్దవంగరలో కొత్త మాట పుట్టింది: డాక్టరమ్మ చెయ్యి మంచిదేనట, రోగులను మాత్రం వాళ్లమ్మ తయారుచేసి పంపుతుందట. ఆ మాట ఎవరు పుట్టించారో కనుక్కోవడానికి కమ్లీ ఎక్కడికీ బయలుదేరలేదు.